గడి

మెర్రిమాక్ నది ఒడ్డున, లిఫ్టు లేని మూడో అంతస్తులో
పిల్లిని చంకనేసుకుని తలుపు తీసింది క్లోతిల్డ్ ఉలెట్.
ఎనభై ఒకటి. కుడి బొటనవేలు కొంచెం వంకర.
"కంపెనీ వాళ్లా? అర్ధశతాబ్దం ఆలస్యం" అంది.

సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను
అరచేయంత ముక్క.
తేనెపట్టులాంటి జాలీ, గడిగడికీ కూరిన గోధుమరంగు ముద్ద.
చంద్రుడి దగ్గర్నుంచి దిగొచ్చే మనుషుల వీపు వెనక
తను కాలిపోతూ
వాళ్లని కాలనివ్వకూడనిది.

కొత్త నౌకకి పాత కవచం అని
పైవాళ్లు తీర్మానించి ఆరేళ్లయింది.
పాత కాగితాల్లో అన్నీ ఉన్నాయి: పాళ్లు, వేడి, గంటలు.
కాగితం ప్రకారమే చేశాం.
ఎక్స్‌రేలో మాత్రం
పదకొండు గడుల్లో నువ్వుగింజంత చీకటి.

ముందు వాసన చూసింది. ఆ తర్వాతే కళ్లద్దాలు.
"గన్ను మూతి ఎక్కడ ఆనించారు?"
"గడి మధ్యలో."
"అడుగున ఆనించాలి, పిల్లా. అడుగు నుంచి పైకి.
గాలి బయటికి పోయాకే నువ్వు లోపలికి."
"ఇది కాగితంలో లేదు."
"మమ్మల్నెవరు అడిగారు?
నూలు మిల్లు మూతపడితే వచ్చిన ఆడవాళ్లం.
తెగిన పోగుని చూడకుండా ముడేసే వేళ్లు,
అంతవరకే మాతో పని."

అడగాలని వచ్చింది అప్పుడడిగాను.
ఇది ఆగుతుందని మీకెలా తెలిసేది?
పిల్లి దూకి వంటింట్లోకి పోయింది.

"తెలిసేది కాదు.
సముద్రంలో పడి, మూత తెరిచి, చెయ్యూపేదాకా
టీవీ ముందు నిలబడే ఉండేవాళ్లం, కూచోకుండా.
తిరిగొచ్చారు కనక సరిగ్గా చేశామనుకున్నాం.
ఏ గడిలో గాలి ఉండిపోయిందో
మసిని అడిగితే చెబుతుందా?"

సోమవారం సమావేశం. పదిహేడు మంది, ఒక స్పీకర్ ఫోను.
"హద్దుల్లోనే ఉంది" అన్నారు.
"ఎగిరొచ్చిన పదార్థమే కదా" అన్నారు.
పదకొండూ తొలిచి మళ్లీ నింపితే ఆరు వారాలు.
ఆరు వారాలంటే ఎన్ని కోట్లో తెర మీద ఎర్రగా వేశారు.
ఆ నలుగురి పేర్లు ఏ స్లైడులోనూ లేవు.

నా వంతు వచ్చింది. అనుకున్నంత బాగా చెప్పలేకపోయాను.
మా అమ్మ కంబోడియా దాటిన రాత్రి గురించి చెప్పాను.
మందుపాతరల అడవి.
ముందువాడి అడుగులోనే అడుగు వెయ్యమన్నారట.
వాడు బతికాడంటే దారి మంచిదని కాదు,
వాడి పాదం పడ్డంత మేర మాత్రమే మంచిదని.
అమ్మ చంకలో మా అన్న. బరువు ఎక్కువ.
మన నౌకా అంతే అన్నాను,
పాదం పెద్దది, బరువు ఎక్కువ,
అడుగుజాడ మాత్రం పాతది.

ఎవరో దగ్గారు.
ఎవరో కాఫీకి లేచారు.
"మాలిస్, దీన్ని అంకెల్లో చెప్పగలవా?" అంది స్పీకర్ ఫోను.

ఫారంలో "ఆధారం" అన్న గడి
ముందే టైపు చేసి ఉంది: వారసత్వం.
ఆస్తి పంచుకున్నవాళ్లకి అప్పూ వస్తుందిగా.
మేం సూత్రం తీసుకున్నాం,
ఆ ఆడవాళ్లు నిలబడి మోసిన భయాన్ని
అక్కడే వదిలేసొచ్చాం.
ఆ మాట కొట్టేశాను. బదులుగా ఏం రాయాలో తెలియలేదు.
కింద సంతకం గడిని కూడా
ఖాళీగానే ఉంచాను.

రాత్రి పదింటికి ఫోను.
"ఒకటి మర్చిపోయాను" అంది క్లోతిల్డ్,
వెనక గిన్నెల చప్పుడు.
"వానరోజు గన్ను పట్టేవాళ్లం కాదు.
ఎందుకో తెలీదు. మా మేస్త్రమ్మ ఒప్పుకునేది కాదు."

లైటు వేసి, రిజిస్టరు తెరిచి,
పదకొండు గడులూ
ఏ తారీకున నింపామో వెతకడం మొదలుపెట్టాను.